అలంకారాలు టెన్త్ బిట్లకేనా?

ఎడిటర్ గారికి నమస్కారం. నేను ఇరవై ఏళ్లకు పైగా మండలాఫీసు ముందర కూర్చొని అర్జీలు రాసి బతుకుతాండా. మా పాప ఈ ఏడు టెన్త్. మొన్న రాత్రి తెలుగు అలంకారాలు చదువుతా, దేన్ని పోలుస్తామో అది ఉపమేయం, దేనితో పోలుస్తామో అది ఉపమానం, రెండింటికీ ఉన్న ఒకే గుణం సమాన ధర్మం, 'లాగా' 'మాదిరి' లాంటి మాట ఉపమావాచకం అని గడగడా అప్పజెప్పింది, మాటలు మళ్లీ మళ్లీ వచ్చే ఛేకానుప్రాసకి లాటానుప్రాసకి తేడా కూడా చెప్పింది, అంతా బాగుంది గానీ "ఇవన్నీ రాసేవాళ్లు ఎందుకు వాడతారమ్మా" అని అడిగితే "బిట్టుకి నాన్నా" అనింది. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఈ జాబు.

కొన్నేళ్ల కింద ఒక అవ్వ వచ్చింది, మిషన్‌లో వేలిముద్ర పడక పెన్షన్ ఆగిపోయింది. నేను అలవాటు ప్రకారం "వృద్ధాప్యం వలన తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొంటున్నాను, కావున తమరు దయతలచి" అని మొదలుపెట్టినా. ఆమె పక్కనుంచి తన పాటికి తాను చెప్పుకుంటాంది, "నాపరాళ్లు మోసి మోసి వేళ్లు అరిగిపాయ నాయనా, అరిగిందానికి గూడా నాదేనా తప్పు?" నేను రాసిన కాగితం చించేసి ఆ మాటే మొదటి లైన్‌గా పెట్టినా. దాని కింద "మొదటి సోమవారం సర్వర్ లేదన్నారు, రెండో సోమవారం సారు లేరన్నారు, మూడో సోమవారం ఆ కాగితం లేదన్నారు" అని ఆమె చెప్పిన వరసలోనే రాసినా. ఒకే మాట మూడుసార్లు తగిలేసరికి చదివే మనిషి కూడా ఆమెతో పాటు మూడుసార్లు వెనక్కి తిరిగినట్టు అవుతుంది. కాగితం వల్లే పని అయిందని నేను చెప్పను, కంటిపాప చూసి గుర్తుపట్టే మిషన్ వచ్చినాక సరిపోయింది, కానీ ఆ రోజు ఆఫీసరు ఆమెకి కుర్చీ వేయించి ఏదీ చేతులు చూపించమ్మా అన్నాడు.

అతిశయోక్తి మాత్రం అర్జీలో పనికిరాదు. "వెయ్యిసార్లు తిరిగినా" అంటే ఎవరూ నమ్మరు, "ఆరు సోమవారాలు వచ్చినా" అంటే తలెత్తి చూస్తారు.

ఇంక వేమన. మన సీమ జనం నోట్లో నానిన మాటలు, 1829లో బ్రౌన్ దొర అచ్చేయించకముందు నుంచే. "కంచు మోగినట్లు కనకంబు మోగునా" అన్న లైన్ తీసుకోండి. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల మధ్య తిరిగినోళ్లకి ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేదు. మోగదు అని ఆయనే చెప్పేసి ఉంటే వినేసి ఊరుకునేవాళ్లం, మోగునా అని అడిగినాడు కాబట్టి మోగదు అనే జవాబు మన నోట్లోంచి వస్తుంది, మనమే చెప్పినాక ఇంక దాన్ని కాదనలేము కదా. దీన్నే కాకువు అంటారు. మన పల్లెల్లో "ఎద్దు పుండు కాకికి నొప్పా" అనేది కూడా ఇదే, మా అవ్వ స్కూలు మొహం చూడలేదు, రోజుకి పదిసార్లు వాడేది.

మీ పేపర్ గురించి కూడా ఒక మాట, తప్పుగా అనుకోవద్దు. యాక్సిడెంట్ ఎక్కడ జరిగినా "రక్తమోడిన రహదారి", లారీ గుద్దితే "యమపాశమైన లారీ". మొదటిసారి రాసినోడికి అది నిజంగా తోచిన పోలికే అయి ఉంటుంది. రోజూ వాడి వాడి ఆ అవ్వ వేళ్ల మాదిరి అరిగిపోయింది, ఇప్పుడు దాని ముద్ర ఎక్కడా పడటం లేదు. పైగా బిడ్డ పోయిన ఇంట్లో పొద్దున్నే పేపర్ తెరిస్తే రకారానికి రకారం కలిపిన హెడ్డింగ్ కనపడితే ఆ తల్లికి ఎట్లుంటుంది? ఎలక్షన్ వార్తకి, క్రికెట్‌కి ప్రాస పెట్టుకోండి, బాగుంటుంది, చావు వార్తకి మాత్రం ఊరు, టైము, వయసు చాలు.

నా విన్నపం ఒకటే. మీ టెన్త్ పేజీలో "కింది వాక్యంలో అలంకారం గుర్తించండి" అని వేస్తారు కదా, దాని కింద "ఇదే అలంకారంతో మీ వీధి గురించి ఒక వాక్యం రాయండి" అని కూడా వేయండి. పిల్లలు పంపినవాటిలో వారానికి నాలుగు అచ్చేయండి. మా పాపని అడిగితే కాసేపు పెన్ను కొరికి ఇట్లా రాసింది: "మా వీధి కొళాయి మా తాత దగ్గు మాదిరి, రాత్రంతా శబ్దమే గానీ ఏమీ రాదు." ఉపమేయం ఏది, ఉపమానం ఏది అని నేను అడక్కముందే తనే వేలు పెట్టి చూపించింది.

ఇట్లు,
ఒక అర్జీ రాసేవాడు,
కడప జిల్లా