నాన్న ఊపిరి లెక్కపెట్టు

లీడ్స్, ఇంగ్లండ్

అన్నయ్యా,

నాన్నని ఇంటికి తీసుకొచ్చారని వదిన చెప్పాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను, ఇది దాచుకో.

జ్వరం లేకుండా ఊపిరితిత్తుల్లో నిమ్ము, అదే న్యుమోనియా, ఎలా చేరిందని అడిగావు కదా. పెద్దవాళ్లకి అలాగే చేరుతుంది. మా వార్డుకొచ్చే ముసలివాళ్లలో కొందరికి ఒళ్లు కూడా వెచ్చబడదు, దగ్గూ అంతంతమాత్రమే. "నిన్నటి నుంచి ఏదేదో మాట్లాడుతున్నారు" అని ఇంట్లోవాళ్లు తీసుకొస్తారు, ఎక్స్‌రే తీస్తే ఓ పక్క తెల్లగా కమ్మేసి ఉంటుంది. ఆ రాత్రి నాన్న చేలో నీళ్లు కట్టాలంటూ అమ్మని లేపింది అందుకే. చాదస్తంలే అని వదిలేయకుండా వెంటనే తీసుకెళ్లావు, మంచి పని చేశావు.

ఇక్కడ మేం తీవ్రతని ఐదు మార్కులకి చూస్తాం: మనిషి తికమకపడటం, రక్తంలో యూరియా లీటరుకి 7 మిల్లీమోల్స్ దాటడం, నిమిషానికి ఊపిరి 30కి చేరడం, బీపీ పడిపోవడం, వయసు 65 నిండటం. మూడొస్తే ప్రమాదమే. వయసుతోనే నాన్నకి ఒకటి పడిపోయింది.

వీటిలో ఇంట్లో నువ్వు చూడగలిగింది ఊపిరి. లెక్కపెడుతున్నానని ఆయనకి చెప్పకు, చెబితే తీరు మారిపోతుంది. నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని పొట్ట వైపు చూడు. లేచి పడితే ఒకటి. నిండా నిమిషం లెక్కపెట్టాలి, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయకు. 20 లోపుంటే సరే. 25 దాటితే డాక్టరుకి ఫోన్ చెయ్యి, 30 అయితే ఇక ఆలోచించకుండా బయల్దేరు. వేలికి పెట్టే మిషన్ ఆక్సిజన్ 92 శాతం కంటే తక్కువ చూపించినా అంతే.

మందులు రాసినన్ని రోజులూ వేయండి. దగ్గు తగ్గలేదని మెడికల్ షాపులో అడిగి లీవోఫ్లాక్సాసిన్ లాంటివి మాత్రం తేవద్దు. లోపల టీబీ ఉంటే ఆ మందుకి కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి, అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. మన దగ్గర ఆ భయం ఎక్కువ. ఆరు వారాలకి ఎక్స్‌రే మళ్లీ తీయించు. ఇన్నేళ్లు చుట్ట కాల్చిన మనిషి, నీడ పూర్తిగా పోయిందో లేదో చూడాల్సిందే. దగ్గు అప్పటికీ ఉంటే కళ్లె పరీక్ష కూడా చేయించు.

నీరసం మూడు నెలలున్నా కంగారు పడొద్దని అమ్మకి చెప్పు. తినట్లేదని ఆయన మీద కేకలేయొద్దు. పగలు మంచం మీద ఉంచకుండా కుర్చీలో కూర్చోబెట్టండి, వరండాలో నాలుగడుగులు వేయించండి. న్యుమోనియా టీకా ఎప్పుడు వేయించాలో ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడుగు.

ఇవాళ రాత్రి నాన్న పడుకున్నాక లెక్కపెట్టి, ఎంతొచ్చిందో నాకు మెసేజ్ పెట్టు.

నీ చెల్లి