బుడమేరు వరద సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం ప్రాంతాలు నీట మునిగినప్పుడు, గుంటూరులోని మా కాలనీ సంక్షేమ సంఘం సేకరించిన నిధి లెక్కలను దాతలందరి ముందు ఉంచుతున్నాము.

214 మంది దాతలు రూ.3,42,500 చందా ఇచ్చారు. వినాయక చవితి పందిరి కోసం అప్పటికే వసూలైన రూ.45,000 కూడా, ఇచ్చినవారి సమ్మతితో, ఇందులో కలిపాము. మొత్తం జమ రూ.3,87,500.

ఖర్చులో పెద్ద పద్దు 260 కుటుంబాలకు ఇచ్చిన సరుకుల సంచులది. ఒక్కో సంచికి రూ.670 చొప్పున రూ.1,74,200 అయింది. దుప్పట్లు, చీరలు, శానిటరీ న్యాప్‌కిన్లకు రూ.61,750, తాగునీరు, పాలపొడి, బిస్కెట్లకు రూ.38,400, బ్లీచింగ్ పొడి, ఫినాయిలు, చీపుర్లకు రూ.22,300, గోనె సంచులు, కవర్లకు రూ.6,400 ఖర్చయింది.

పులిహోర పొట్లాలకు అయిన రూ.18,600 గురించి విడిగా చెప్పవలసి ఉంది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చిన 2వ తేదీన, లోపలి వీధులకు ఎలా చేర్చాలో ఆలోచించకుండానే మేము వాటిని పంపాము. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గరే బండి గంటల తరబడి నిలిచిపోవడంతో సగానికి పైగా పొట్లాలు పాడయ్యాయి. ఈ నష్టానికి బాధ్యత పూర్తిగా కమిటీదే.

ఆ మరునాటి నుంచి మాకు దారి చూపినవారు సరుకు రవాణాలోనే జీవితం గడిపిన మనుషులు. ఇళ్లలో నీళ్లుండగా బియ్యం ఇస్తే వండుకునే చోటే ఉండదని, ముందు నీళ్లు, బిస్కెట్లు పంపి, నీరు తీశాకే బియ్యం, పప్పు పంపాలని చెప్పినది ఒక గోడౌన్ గుమస్తా. ఏ వీధికి ఎన్ని సంచులో రాసుకుని, చివర దించవలసినవాటిని ముందుగా లోపలికి ఎక్కించే పద్ధతి కూడా ఆయనే నేర్పారు. ఐతవరం వద్ద మున్నేరు నీరు రహదారిపైకి వచ్చి హైదరాబాదు నుంచి రావలసిన దుప్పట్లు ఆగిపోతే, ఆయనే గుంటూరు వ్యాపారులతో మాట్లాడి ఆ సాయంత్రానికే తెప్పించారు.

రవాణా పద్దులో రూ.14,850 మాత్రమే ఉండటం చూసి లెక్క తప్పిందేమోనని కొందరు అడిగారు. అది లారీకి, ట్రాక్టరుకు పోసిన డీజిలు, టోల్ ఖర్చు మాత్రమే. లారీ యజమాని ఐదు ట్రిప్పులకూ కిరాయి తీసుకోలేదు. ఫ్లైఓవర్ దిగువ నుంచి నడుము లోతు నీటిలో రోజంతా ట్రాక్టరు నడిపిన యువకుడు భోజనం తప్ప మరేమీ అడగలేదు. కిరాయి గడిలో సున్నా వేసి ఊరుకుంటే వారి శ్రమ లెక్కలోకి రాకుండా పోతుంది కనుక ఇక్కడ రాస్తున్నాము. ఈ నిధిలో అందరికంటే పెద్ద విరాళం వారిదేనని కమిటీ అభిప్రాయం.

హమాలీలకు రూ.9,000 ఇచ్చాము. స్వచ్ఛంద సేవలో కూలి ఎందుకన్న ప్రశ్న వచ్చింది. ఏ రోజు కూలి ఆ రోజు తిండికే సరిపోయేవారిని ఊరికే పని చేయమనడం న్యాయం కాదని భావించాము. అయినా వారు చివరి రెండు రోజుల కూలి వద్దన్నారు.

మొత్తం ఖర్చు రూ.3,45,500. మిగిలిన రూ.42,000 సంఘం బ్యాంకు ఖాతాలో ఉంది. దాని వినియోగాన్ని సర్వసభ్య సమావేశంలో నిర్ణయిస్తాము. రసీదులు, బిల్లులు, గుమస్తాగారు వీధుల వారీగా రాసిన పుస్తకం సంఘం కార్యాలయంలో ఉన్నాయి. దాతలు ఎవరైనా వచ్చి పరిశీలించవచ్చు.