ఒత్తు ఊడిన శుభలేఖ

సంపాదకునికి,

కృత్రిమ మేధ వల్ల డిజైన్ పనిలో నాణ్యత పడిపోతుందా అంటే, తిరుపతిలో చాలా ఏళ్లుగా శుభలేఖలు, ఫ్లెక్సీలు తయారుచేస్తున్న నాకు ఆ భయం ఉంది. మొన్న ఒక పెళ్లివారు ఫోన్‌లోనే కృత్రిమ మేధతో చేయించుకొని తెచ్చిన శుభలేఖలో బొమ్మ ముచ్చటగానే ఉంది గాని, ‘శ్రీరస్తు’లో తవత్తు ఊడిపోయింది; పైగా 1024 పిక్సెళ్ల వెడల్పున్న ఆ బొమ్మ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) అచ్చులో మూడున్నర అంగుళాలకైనా చాలదు.

శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డపై వెదురు కలంతో గీసే కలంకారీని కూడా యంత్రం అనుకరిస్తోంది, కాని రంగు గుడ్డలో ఇంకే తీరు దానికి పట్టుబడలేదు. నమూనాలు వేసుకోవడానికి నేనూ దాన్ని వాడుతున్నాను, దాచేదేముంది. అయితే ‘బొమ్మ మేమే తెచ్చాం, దిద్దడమేగా’ అని సగం ధరకు బేరమాడితే, అక్షరమక్షరం సరిచూసేంత సమయం మాకు గిట్టుబాటు కాదు.

— ఒక డిజైనర్, తిరుపతి