ఇండికేటర్ వేశాను, కనపడలేదు

సంపాదకులకు నమస్కారం.

మాది మదనపల్లె దగ్గర పల్లె. సొంత పికప్ ఉంది. టమాటా సీజన్లో మార్కెట్టుకు తోలతాను, మిగతా రోజుల్లో వరిగడ్డి, సిమెంటు, పెళ్ళి సామాను, ఏ బాడుగ దొరికితే అది. మలుపు తిరుగుతున్న బండిని వెనక నుంచి వచ్చి గుద్దారని మీ పేపరు జిల్లా పేజీలో తరచూ చదువుతుంటాం. చివర్లో 'అతివేగం, నిర్లక్ష్యం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అదీ ఉంటుంది, కాదనను. కానీ నాకు జరిగింది వేరే.

పోయిన చలికాలం ఒక రాత్రి పుంగనూరు రోడ్డులో వస్తూ మా ఊరి మట్టిరోడ్డుకి కుడివైపు తిప్పాను. వెనకే వస్తున్న బైకతను మీదకొచ్చేసి, బ్రేకు కొట్టి, రోడ్డు పక్కకి జారి నిలబడ్డాడు. "ఏమన్నా, ఇండికేటర్ ఏసే పన్లేదా?" అన్నాడు. "ఏసినా కదప్పా, సూడు" అని దిగి వెనక్కి పోయి చూస్తే నాకే నోట మాట రాలేదు. పొడుగు పైపులు వేసుకొచ్చానని వెనక డోరు కిందకి వదిలేసి ఉంది. అది వేలాడి కింద ఉన్న లైట్లన్నిటినీ మూసేసింది. ఇండికేటర్ వెలుగుతూనే ఉంది, ఆ వెలుగంతా డోరు మీదే పడి ఆగిపోతోంది. ఎన్నేళ్ళ నుంచి ఇట్లా తిరుగుతున్నానో దేవుడికే తెలియాలి.

మర్నాడే టౌనుకి పోయి బాడీ వెనక కమ్ములకి పైన పెట్టించడానికి రెండు ఎల్‌ఈడీ ఇండికేటర్లు కొన్నాను. ఆటో ఎలక్ట్రీషియన్ "ఎట్లాగూ చేస్తున్నాం, కింద ఉన్న బల్బులు కూడా తీసి ఎల్‌ఈడీవే వేసేద్దాం, బ్యాటరీ మిగులుతుంది" అన్నాడు. సరే అన్నాను. తప్పు అక్కడే చేశాను. బండి స్టార్ట్ చేసి ఇండికేటర్ వేస్తే టకటకటకమని పూనకం వచ్చినట్టు కొట్టుకుంటోంది. ఎందుకంటే పాత బల్బు 21 వాట్లు, 12 వోల్టుల మీద దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఎల్‌ఈడీ లాగేది అందులో ఐదో వంతు కూడా ఉండదు. కరెంటు తగ్గిందంటే బల్బు మాడిపోయిందని పాత రకం ఫ్లాషర్ (ఇండికేటర్‌ని కొట్టించే చిన్న డబ్బా) లెక్క, ఆ సంగతి డ్రైవరుకి చెప్పడానికే అది స్పీడుగా కొడుతుంది. పాపం దాని పని అది చేసింది.

అప్పుడాయన ఫ్లాషర్‌ని మభ్యపెట్టడానికి బల్బులాగా కరెంటు లాగే 6 ఓముల రెసిస్టర్ ఒకటి తెచ్చి కలిపి, లైటు వెనక ప్లాస్టిక్కుకి ట్యాగుతో కట్టాడు. స్పీడు తగ్గింది. కానీ ఆ రెసిస్టర్ 2 ఆంపియర్లు లాగి మొత్తం వేడిగా మారుస్తుంది, అంటే 24 వాట్లు, ఇంజన్ నడుస్తుంటే ఇంకా ఎక్కువ. మొగిలి ఘాట్‌లో ఒకసారి టైరు పంచరై నాలుగు ఇండికేటర్లూ వేసి అరగంట ఆగితే ప్లాస్టిక్ మెత్తబడి కాలిన వాసన. బ్యాటరీ మిగలడం ఏమో గానీ బండే పోయేది. రెసిస్టర్ పెట్టాలంటే ఇనుము మీద బోల్టు వేసి, వైర్లకి దూరంగా పెట్టాలి. లేదంటే ఎల్‌ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ దొరుకుతుంది, పిన్నుల వరస చూసుకుని మార్చుకోవచ్చు. కానీ చాలావాటితో ఒక తంటా ఉంది, లైటు నిజంగా పోయినా తేడా తెలియదు, రోజూ దిగి చూసుకోవాల్సిందే.

చివరికి వేరే ఊళ్ళో ఒక పెద్దాయన సరిచేశాడు. కింద మళ్ళీ మామూలు బల్బులే వేసి, పైన ఎల్‌ఈడీలని ఆ బల్బుల లైనుకే పక్కగా (పారలల్‌గా) కలిపాడు, అంతే. బల్బు లాగేది అది లాగుతుంది కాబట్టి ఫ్లాషర్‌కి అనుమానం రాదు, ఎల్‌ఈడీ వల్ల పెరిగే లోడు పావు ఆంపియర్ అటూ ఇటూ. ఆయన పని చూస్తూ కూర్చున్నాను. వైరు రంగు చూసి కోయలేదు, టెస్ట్ లైట్ పెట్టి ఇండికేటర్ వైరు ఏదో తేల్చుకున్నాడు. కంపెనీ వైరుని తెంచకుండా పైతొక్క మాత్రమే కాస్త ఒలిచి, కొత్త వైరు చుట్టి, సోల్డర్ పెట్టి, స్లీవు ఎక్కించి లైటర్‌తో వేడిచేశాడు. మెలితిప్పి టేపు చుట్టడం అంటే ఆయనకి ఒళ్ళు మంట. కొత్త లైనుకి విడిగా 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు, పైన షార్ట్ అయినా కింది లైట్లు పనిచెయ్యాలి కదా అని. ఎర్త్ వైరుని బాడీ కమ్మికి కాకుండా ఛాసిస్ దాకా లాగి, అక్కడ పెయింటు గీకి లగ్గు (వైరు చివర రింగు) బిగించాడు. ఎర్త్ సరిగా లేకపోతే బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ కూడా మినుకుమినుకుమంటుందట. కొత్త మోడళ్ళలో లైట్లన్నీ కంప్యూటర్ బాక్సు చేతిలో ఉంటాయి, వాటి వైర్లని ఇట్లా ముట్టుకోవద్దని కూడా చెప్పాడు.

ఇక రంగు సంగతి. షాపుల్లో నీలం, తెలుపు, ఎరుపు, పరిగెత్తేవి, మిణుకుమిణుకుమనేవి, జాతర లైట్లన్నీ దొరుకుతాయి. మా కుర్రోళ్ళకి అవే ఇష్టం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఇండికేటర్ ఆంబర్ రంగులో ఉండాలనీ, నిమిషానికి 60కి తగ్గకుండా 120 దాటకుండా కొట్టుకోవాలనీ రాసుంది. ఆంబర్ అంటే మనం ఎల్లో అంటామే, అది. వెనక నీలం లైటు మెరిస్తే బండి తిరుగుతోందో, ఆగిందో, పోలీసు జీపో ఎవడికి అర్థమవుతుంది?

మీ పేపరు ద్వారా రవాణా శాఖ వాళ్ళని ఒకటి అడుగుతున్నాను. ఫిట్‌నెస్‌కి పోతే డోరు మూసి, బండి కడిగి నిలబెడతాం, ఇండికేటర్ వెలిగిందా లేదా అని చూసి పంపిస్తారు. డోరు కిందకి వదిలి కూడా ఒకసారి చూడండి. చాలా బండ్ల సంగతి అక్కడే తెలిసిపోతుంది. అట్లాగే పైన ఎల్లో లైటు పద్ధతిగా పెట్టుకున్నవాణ్ణి, డిస్కో లైట్లవాణ్ణి ఒకే గాట కట్టకుండా, ఎక్కడ పెట్టుకోవచ్చో, ఎంత వెలుగు ఉండొచ్చో తెలుగులో ఒక కాగితం రాసి ఆఫీసు బయట అంటిస్తే మాకు టెన్షన్ తగ్గుతుంది. గడ్డి లోడు బాగా ఉబ్బితే పై లైట్లు కూడా దాగిపోతాయి, దానికి మాత్రం వైరింగు మందు కాదు, లోడు తగ్గించుకోవాలి.

బాడీ కట్టేవాళ్ళకి కూడా ఒక మాట. కొత్త బండికి కమ్ములు వెల్డింగ్ చేసేటప్పుడే పై మూలల్లో రెండు రంధ్రాలు, వైరు పోవడానికి సన్న పైపు వదిలి పెయింట్ వేస్తే మీకు అయ్యే ఖర్చేమీ ఉండదు. నా బండికి తర్వాత డ్రిల్లు వేయించాను, ఆ రంధ్రాల చుట్టూ అప్పుడే తుప్పు మొదలైంది.

ఇట్లు,
ఒక పికప్ ఓనరు, మదనపల్లె