అద్దె రాదు, ఇల్లు ఖాళీ కాదు: నాలా నోటి మాట మీద ఇల్లు ఇవ్వకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా మేడమీద పోర్షన్‌లో ఉంటున్న కుటుంబం 16 నెలలుగా అద్దె కట్టడం లేదు, ఇల్లూ ఖాళీ చేయడం లేదు. అద్దెకున్న అతని పేరు ఇక్కడ రాయను, కేసు కోర్టులో ఉంది, ఆ సంగతి అక్కడే తేలుతుంది. కానీ మన విజయనగరంలోనూ, పక్కన శ్రీకాకుళంలోనూ నాలాగా ఒకే ఒక్క పోర్షన్ అద్దెకిచ్చుకుని ఆ డబ్బుతో నెల గడుపుకునే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆలస్యంగా తెలిసిన విషయాలు వాళ్లకి ముందే తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది తోటపాలెం వైపు. నా వయసు 64. మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, ఆరేళ్ల క్రితం కాలం చేశారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులతో మేడమీద రెండు గదులు, వంటగది వేయించి, ‘ఇదే నీ పింఛను’ అన్నారు. నాకు వచ్చే పీఎఫ్ పింఛను నెలకి రెండు వేలు దాటదు. పైన అద్దె 6,500. నా షుగరు మందులు, పాలు, గ్యాసు, పండక్కి కూతురొస్తే పెట్టే చీర, అన్నీ అందులోంచే. అద్దె అంటే ఇల్లున్నవాళ్లకి అదనంగా వచ్చే డబ్బు కదా అని చాలామంది అనుకుంటారు, అందుకే ఈ లెక్క చెబుతున్నాను.

అతను జూన్‌లో, బడులు తెరవడానికి వారం ముందు, గేటుకి కట్టిన టులెట్ బోర్డు చూసి భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చాడు. బొబ్బిలి వైపు ఏదో కంపెనీలో సూపర్‌వైజరునని చెప్పాడు. ‘మాదీ చీపురుపల్లి వైపే అత్తా’ అన్నాడు. మా పుట్టిల్లు కూడా అటే. ఇంకేం అడగలేదు నేను. ఆధార్ జిరాక్సు తీసుకోలేదు, కంపెనీ పేరు రాసుకోలేదు, ఇంతకుముందు ఎక్కడ ఉన్నారు, ఎందుకు మారుతున్నారు అని ఒక్క మాటైనా అడగలేదు. అడ్వాన్సు రెండు నెలలది 13,000 ఇచ్చాడు, పాల లెక్క రాసే పుస్తకంలో రాసుకున్నాను, అంతే.

మేమూ అంబటిసత్రం దగ్గర 14 ఏళ్లు అద్దెకున్నాం. అక్కడా కాగితం లేదు. ఒకటో తారీకు సాయంత్రం మా ఆయన వెళ్లి డబ్బులిస్తే ఇల్లుగల మామ్మగారు లెక్క కూడా పెట్టకుండా బియ్యం డబ్బా మీద పెట్టేవారు. ఒక నెల ఆలస్యమైతే మాకే నిద్ర పట్టేది కాదు. అందరూ అలాగే ఉంటారనుకున్నాను.

మొదటి ఏడాది పైచిలుకు అతనూ సరిగ్గానే కట్టాడు, ఫోన్‌పేలో ఐదో తారీకు లోపలే వేసేవాడు. తర్వాత జీతం రాలేదన్నాడు, సరే అన్నాను. సంక్రాంతికి ఒక ఐదు వేలు, ఇంకోసారి ఒక ఐదు వేలు ఇచ్చాడు, ఆ తర్వాత అదీ లేదు. అడిగితే పిల్లల పరీక్షలయ్యాక ఖాళీ చేసేస్తామన్నాడు. పరీక్షలయ్యాయి. ఆషాఢంలో ఇల్లు మారకూడదు అత్తా అన్నాడు, నిజమే కదా అనుకున్నాను. శ్రావణం వచ్చి వెళ్లింది. పైడితల్లమ్మ సిరిమాను జాతర అయ్యాక తప్పకుండా అన్నాడు. సిరిమాను అయ్యింది, ఇప్పుడు మూఢం అంటున్నాడు. ఇప్పటికి 16 నెలల అద్దె 1,04,000. ఇచ్చిన పది వేలు, అడ్వాన్సు 13,000 తీసేసినా ఇంకా 81,000 రావాలి. పైగా పై మీటరు కరెంటు బిల్లు కూడా తొమ్మిది నెలలుగా నేనే కడుతున్నాను.

ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావమ్మా అని అందరూ అడుగుతారు. ఆ పిల్లల కోసం ఊరుకున్నాను. చిన్నది రెండో తరగతి, స్కూలు నుంచి రాగానే బ్యాగు మా అరుగు మీద పడేసి ‘మామ్మా, ఏం చేశావు’ అని వంటింట్లోకి వచ్చేస్తుంది. ఆ పిల్ల ముందు వాళ్ల నాన్నని పట్టుకుని డబ్బులెప్పుడిస్తావని ఎలా అడగను? ఆ అమ్మాయి, అతని భార్య, మెట్ల మీద ఎదురుపడితే తల దించుకుని వెళ్లిపోతుంది. ఆమె తప్పేమీ లేదని నాకు తెలుసు. ఒకే మెట్లు, ఒకే ట్యాంకు, ఒకే గేటు. పొద్దున్న మోటారు వేసేటప్పుడు పైన అడుగుల చప్పుడు వింటే గుండె దడ. నా ఇంట్లో నేనే దొంగలా తిరిగేదాన్ని. బీపీ మాత్ర ఒకటి ఉండేది, ఈ టెన్షన్‌కి రెండయ్యాయి.

సలహాలు మాత్రం బోలెడు వచ్చాయి. ఫ్యూజు పీకేయమన్నారు, నీళ్లు ఆపేయమన్నారు. వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చేయమని హైదరాబాదు నుంచి మా అబ్బాయి చెప్పాడు. మా ఆడపడుచు కొడుకైతే నలుగురు కుర్రాళ్లని తీసుకొచ్చి సామాను దింపించేస్తానన్నాడు. దయచేసి ఇవేవీ చేయకండి. కరెంటు, నీళ్లు ఆపితే తప్పు మనదవుతుంది, అతను స్టేషన్‌కి వెళ్తే మనం సమాధానం చెప్పుకోవాలి. బలవంతంగా బయటికి పంపితే 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టంలో 6వ సెక్షన్ ఉంది, దాని కింద ఆరు నెలల్లోగా కోర్టుకెళ్లి మళ్లీ అదే ఇంట్లోకి రావచ్చు, ఇల్లెవరిదన్నది అప్పుడు అడగరు. ఈ సంగతి మా అడ్వకేటు గారు చెప్పేదాకా నాకు తెలియదు. తెలియకుండానే ఆగాను, అది నా అదృష్టం.

స్టేషన్‌కి వెళ్లాను. ‘ఇది సివిల్ మేటరమ్మా, కోర్టుకెళ్లండి’ అన్నారు. బాధేసింది కానీ వాళ్లు చెప్పింది తప్పు కాదు. తర్వాత వీధిలో పెద్దమనుషులు ముగ్గురు కూర్చుని మాట్లాడారు. ఇన్ని నెలల బాకీ ఉంది, సిరిమాను తర్వాత ఖాళీ చేస్తాను అని తెల్లకాగితం మీద అతని చేత రాయించి సంతకం పెట్టించారు. ఆ కాగితం చిత్తుకాగితమే అనుకున్నాను. అడ్వకేటు గారు చూసి, ఇది జాగ్రత్తగా దాచండి, బాకీ ఉన్నానని అతనే ఒప్పుకున్నట్టు కదా అన్నారు. అలాగే మొదట్లో ఫోన్‌పేలో వచ్చిన డబ్బుల వివరాలన్నీ బ్యాంకు స్టేట్‌మెంటులో తీయించమన్నారు, ఎందుకంటే అతను అద్దెకే ఉన్నాడు, అద్దె ఇంత అని చూపించడానికి కాగితం లేని నాకు అవే సాక్ష్యం. చేతికి నోట్లు తీసుకుని ఉంటే అదీ ఉండేది కాదు.

అడ్వకేటు అంటే ఖర్చని భయపడి నేను చాలా నెలలు వెళ్లలేదు. ఇదే నేను చేసిన పెద్ద తప్పు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, ఫోన్ నంబరు 15100. ఇది మా వీధిలో ఎవరికీ తెలియదు. టీచరుగా చేసి రిటైరైన మా ఎదురింటావిడకి కూడా తెలియదు. అక్కడే ముందు లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిద్దామన్నారు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానమట, దాని మీద అప్పీలు ఉండదు. ఇద్దరూ వస్తేనే కదా రాజీ, అతను రాలేదు. అప్పుడు నోటీసు ఇచ్చాం. రాతకోతలు లేని నెలవారీ అద్దెకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల గడువుతో నోటీసు ఇస్తే చాలు. గడువు దాటాక కేసు వేశాం. ఇంకో మాట, నోటీసు ఇచ్చాక అతను ఉన్నట్టుండి ఒక నెల అద్దె తెచ్చిస్తే లాయరుని అడగకుండా తీసుకోవద్దు. తీసుకుంటే ఆ నోటీసుని మనమే వదులుకున్నామని వాదించవచ్చు. నాకు అలాగే జరగబోయింది, తలుపు దగ్గర డబ్బులు పట్టుకుని నిలబడితే చేయి ముందుకి వెళ్లిపోయింది, ఆపుకున్నాను.

12 ఏళ్లు ఉంటే ఇల్లు అతనిదైపోతుందని నన్ను భయపెట్టినవాళ్లు ఎందరో. రాత్రుళ్లు అదే ఆలోచన. అది నిజం కాదు. మనం అద్దెకి ఇస్తే వచ్చినవాడు, ఎన్నేళ్లున్నా, ఆ అద్దెదారుడుగా ఉన్నంతకాలం ఇల్లు నాది అనడానికి లేదు. కానీ ఊరుకుంటే నష్టం మాత్రం ఉంది. అద్దె బాకీ కోసం దావా మూడేళ్లలోపే వేయాలి, అంతకన్నా పాతది అడగలేం. నోటీసు ఇచ్చి అద్దె సంబంధం తెంపుకున్నాక ఇల్లు తిరిగి తీసుకోవడానికి దావా వేయాలన్నా 12 ఏళ్ల గడువుంది. మంచితనానికి పోయి ఏళ్లు గడపకండి.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన సంగతి. కేసు వేశాక తెలిసింది, అతను మా ఇంటికి రాకముందు కొత్తపేటలో ఒకరింట్లో ఉండేవాడు. ఆ ఇంటాయన మా మరిదికి తెలిసినవారే. అక్కడ కూడా ఏడు నెలలు కట్టలేదు. ఆయన విసిగిపోయి, ‘బాకీ వదిలేస్తాను, ఇల్లు ఖాళీ చేయి చాలు’ అన్నారట. చేశాడు, తిన్నగా మా గేటు ముందుకి వచ్చాడు. నేను ఫోన్ చేసి ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవారు. అడగలేదు. ఆయన్నీ నేనేమీ అనలేను, పరువు పోతుందని, ‘ఇల్లిచ్చి మోసపోయాడు’ అంటారని నోరు మూసుకున్నారు. నేనూ అలాగే ఏడాది పాటు చెల్లెళ్లకి కూడా చెప్పలేదు. మనం ఇలా దాచుకుంటుంటే పక్క వీధిలో ఇంకొకరు టులెట్ బోర్డు కట్టి ఎదురుచూస్తుంటారు.

కాబట్టి తల్లుల్లారా, కాగితం రాయించుకోండి. ఏడాది దాటిన లీజు అయితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి, అందుకే అందరూ 11 నెలలకి స్టాంపు పేపరు మీద రాసుకుంటారు. కనీసం అదైనా రాయించండి. అద్దె ఎంత, ఏ తారీకుకి, అడ్వాన్సు ఎంత, కరెంటు ఎవరు కట్టాలి, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అన్నీ అందులో ఉండాలి. ఆధార్ నకలు తీసుకోండి, పాత ఇంటి యజమానితో మాట్లాడండి. అద్దె ఫోన్‌లోనో బ్యాంకులోనో వేయమనండి. మన చుట్టాలేగా, మన ఊరివాళ్లేగా అని మొహమాటపడకండి, చుట్టాలైతే మరీను.

ఇది అద్దెకుండేవాళ్లకి వ్యతిరేకం కాదు. నేనూ 14 ఏళ్లు అద్దెకున్నదాన్నే. ఖాళీ చేశాక సున్నం వేయించాలి, ట్యాపు పాడైంది అని అడ్వాన్సు ఎగ్గొట్టే ఇంటివాళ్లు లేరా? ఉన్నపళంగా లేచిపొమ్మనేవాళ్లు లేరా? కాగితం ఉంటే వాళ్లకీ రక్షణే. నిజంగా ఉద్యోగం పోయి కట్టలేకపోతే ఆ మాట కూర్చుని చెబితే వినని ఇల్లాలు ఉండదు. కరోనా అప్పుడు పైన ఉన్న వేరే కుటుంబానికి మూడు నెలల అద్దె నేనే వద్దన్నాను. వాళ్లు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తారు.

ప్రభుత్వాన్ని అడిగేది ఒక్కటే. 2017లో మన రాష్ట్రం కొత్త అద్దె చట్టం చేసింది. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం ఇచ్చింది, అందులో ఇళ్లకి రెండు నెలలకి మించి అడ్వాన్సు తీసుకోకూడదని, గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలని ఉంది. ఇవన్నీ నాలాంటి పదో తరగతి చదివినదానికి ఎవరు చెబుతారు? ప్రతి వార్డులో సచివాలయం ఉంది కదా, పింఛను కాగితాలు, రేషన్ కాగితాలు చూసే ఆ చోటే అద్దె ఒప్పందం నమూనా ఒకటి తెలుగులో పెట్టి, వచ్చినవాళ్లకి రాసుకోవడంలో సాయం చేస్తే ఎన్ని గొడవలు మొదలు కాకుండానే ఆగిపోతాయో. ఒకే పోర్షన్ మీద బతికే వయసుమళ్లినవాళ్ల కేసులకి వాయిదాలు దగ్గర దగ్గరగా ఇవ్వాలని కూడా వేడుకుంటున్నాను. ఒక్కో వాయిదా అంటే నాకు ఇంకో నెల మందులు అప్పు.

మీ పత్రికని కూడా ఒకటి అడుగుతాను. మీరు టులెట్ ప్రకటనలు వేసే పేజీలోనే ఒక మూల ఆ 15100 నంబరు, ఆడవాళ్లకి లాయరు ఉచితం అన్న ముక్క వేయండి. ఇల్లు అద్దెకివ్వాలనుకునేవాళ్లు ముందు చూసేది ఆ పేజీనే.

ఇట్లు,
ఒక ఇల్లాలు,
తోటపాలెం, విజయనగరం