పౌడర్ రోజున పిల్లలతో కొండ మీద

సాల్ట్ లేక్ సిటీ

చెల్లికి, ఆశీస్సులు.

శని, ఆదివారాల్లో పిల్లలకు స్కీయింగ్ నేర్పడమంటే అసలు ఏం చేస్తావు, రాత్రంతా మంచు కురిసిన మర్నాడు కూడా వాళ్లను పైకి ఎందుకు తీసుకెళ్తావు అని అడిగావు. అమ్మ భయపడుతోందనీ రాశావు. ఫోన్లో తుంపులు తుంపులుగా చెబితే భయం పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

కొత్తగా పడి, ఇంకా ఎవరూ తొక్కని, యంత్రంతో చదును చేయని పొడి మంచును పౌడర్ అంటారు. గుప్పెట్లో నొక్కితే ఉండ కట్టదు. మేఘంలో చలి మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు ఆరు కొమ్మల స్ఫటికాలు పెద్దవిగా పెరుగుతాయి. జపాన్ శాస్త్రవేత్త నకాయా ఉకిచిరో 1936లో హొక్కైడోలోని ప్రయోగశాలలో మంచు స్ఫటికాన్ని పెంచి, చలి, తేమ ఎంత ఉంటే ఏ ఆకారం వస్తుందో తేల్చాడు. ఆ కొమ్మలు ఒకదానికొకటి అడ్డుపడి మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. మా యూటా రాష్ట్రంలో బాగా పొడిగా పడ్డ మంచు 25 సెంటీమీటర్లు కరిగిస్తే వచ్చేది 2 సెంటీమీటర్ల నీళ్లే.

ఎంత పడిందన్న దానికంటే ఏ వరుసలో పడిందన్నదే నేను ముందు చూస్తాను. తుఫాను కాస్త వెచ్చగా మొదలై చలితో ముగిస్తే, కింద బరువు మంచు, పైన తేలిక మంచు పేరుకుంటుంది. పిల్లలకు అదే మంచిది. వరుస తిరగబడి తేలిక మంచు మీద బరువు మంచు పడితే కాలికి బిగించే స్కీ పలక ముక్కు పైపొర కింద దూరి ఇరుక్కుంటుంది, మోకాలు మెలిపడుతుంది. చరియలు జారడానికి కూడా ఆ వరుసే అనువు. ఇక గాలి వీస్తే స్ఫటికాల కొమ్మలు విరిగిపోయి మంచు పలకలా గట్టిపడుతుంది. దూరం నుంచి అదీ పౌడర్‌లాగే కనిపిస్తుంది.

మామూలు వారాంతాల్లో మా పిల్లలు రేసు గేట్ల మధ్య, అంటే మలుపులు తిరగడానికి మంచులో పాతిన కర్రల మధ్య, సాధన చేస్తారు. మెత్తని మంచు ఎక్కువగా పడ్డ రోజున అది కుదరదు. కొత్త మంచును పక్కకు జారుతూ తోసేయకపోతే, పది మంది దిగేసరికి ప్రతి గేటు దగ్గరా గుంట పడుతుంది. ఆ గుంటల్లో నేర్చుకునేది తక్కువ, దెబ్బలు ఎక్కువ. అందుకని గేట్లు పక్కన పెట్టి కొండంతా తిరుగుతాం. నా దృష్టిలో అది సెలవు కాదు. పాదాల కింద మంచు ఎలా ఉందో గ్రహించడం పిల్లలకు అబ్బేది ఇలాంటి రోజునే.

అయితే అందరినీ తీసుకెళ్లను. స్కీ ముక్కులు దగ్గరగా, తోకలు దూరంగా పెట్టి ఆగడం ఒక్కటే వచ్చిన పిల్లలు చదును చేసిన దారిలోనే ఉండాలి. లోతు మంచులో ఆ పద్ధతి పనికిరాదు. రెండు స్కీలూ చెరో లోతుకి దిగి, ముక్కులు ఒకదాని మీదికొకటి ఎక్కి పిల్లాడు బోర్లా పడతాడు. రెండు స్కీలనూ సమాంతరంగా తిప్పగలగడమే నేను పెట్టుకున్న అర్హత.

తరువాతది వాలు ఎంపిక. పౌడర్ రోజున కోచ్ నోటితో చెప్పే దానికంటే ఎంచుకునే వాలే పిల్లలకు ఎక్కువ నేర్పుతుందని నా గట్టి నమ్మకం. వాలు 15 డిగ్రీలకు తక్కువైతే మోకాలి లోతు మంచులో పిల్లలు కదలరు, తోసుకుంటూ పోయి అలసిపోతారు. 20 నుంచి 25 డిగ్రీలుంటే వేగం దానంతట అదే వస్తుంది, భయమూ వేయదు. కొత్త మంచు కనీసం బూటు సగం మునిగేంత ఉండాలి, లేకపోతే కింది గట్టి పొర తగిలి తాళం తప్పుతుంది. ఎండ పడే తూర్పు, దక్షిణ ముఖాలు పొద్దున్నే దిగేస్తాం, ఎందుకంటే మధ్యాహ్నానికి అవి బరువెక్కుతాయి. ఉత్తర ముఖం సాయంత్రం దాకా పొడిగానే ఉంటుంది కాబట్టి దాన్ని తరువాతకి అట్టిపెడతాం.

పౌడర్‌లో వెనక్కి వాలాలని చాలామంది చెబుతారు. పిల్లలకు అది అస్సలు చెప్పకూడదు. వెనక్కి వాలితే బరువంతా తొడల మీద పడుతుంది, స్కీ ముందు భాగం మాట వినదు, రెండో పరుగుకే కాళ్లు వణుకుతాయి. నిలబడాల్సింది పాదం మధ్యలో. మార్చుకోవాల్సింది రెండు పాదాల మధ్య బరువు పంపకం. గట్టి మంచు మీద మలుపు తిరిగేటప్పుడు బరువు ఎక్కువగా బయటి స్కీ మీద ఉంటుంది. పౌడర్‌లో అలా చేస్తే ఆ స్కీ మునిగిపోతుంది, లోపలిది పైకి తేలిపోతుంది. పాదాలు కాస్త దగ్గరగా పెట్టి, రెంటి మీదా దాదాపు సమానంగా నిలబడితే మంచు ఒకే పలకను మోసినట్టు మోస్తుంది.

దీన్ని వరుసగా నేర్పుతాను. చదును చేసిన దారి అంచున, పక్కనున్న మెత్తని మంచులోకి అడ్డంగా వెళ్లి తిరిగి బయటికి రావాలి. వేగం తగ్గినప్పుడు ముందుకు తూలకుండా నిలవడం దానితో వస్తుంది. తరువాత తేలికైన వాలులో మలుపులే లేకుండా నేరుగా దిగుతూ మోకాళ్లతో మెల్లగా కిందికి, పైకి ఊగాలి. నొక్కినప్పుడు మంచు తిరిగి పైకి నెడుతుంది. ఆ నెట్టుడు అందగానే, స్కీలు తేలికైన క్షణంలో, కొద్దిగా తిప్పాలి. మలుపు పూర్తిగా అడ్డం తిరగనివ్వకూడదు, వేగం చచ్చిపోతే స్కీలు మునుగుతాయి. పోల్, అంటే చేతికర్ర, మంచుకు తాకించడంతో లెక్క కలుపుతారు: ఒకటి, రెండు, ఒకటి, రెండు. తాళం కుదిరాక వాళ్లు పెట్టే కేకలు కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టు మీద వెళ్లేవాళ్లకూ వినిపిస్తాయి. వారమంతా నేను ఎదురుచూసేది ఆ కేకల కోసమే.

సామాను సంగతి. స్కీ నడుము దగ్గర, అంటే మధ్య భాగంలో, 70 మిల్లీమీటర్ల లోపు వెడల్పున్న రేసు స్కీలు తేలవు. పెద్దవాళ్లకి 95 నుంచి 115, పిల్లలకి 80 చుట్టూ ఉంటే హాయి. ముక్కు ముందునుంచే పైకి లేచి ఉండే రాకర్ స్కీలు ఇప్పుడు మామూలైపోయాయి. షేన్ మెకాంకీ అనే పేరున్న స్కీయర్ వాటర్ స్కీల నుంచి ఆ ఆలోచన తీసుకున్నాడు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఊడిపోకూడదని దాని బిగువు అంకె పెంచమని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. పెంచకూడదు. అది పిల్లల బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, వాళ్లు స్కీ చేసే తీరు చూసి నిర్ణయించేది. అనుకోకుండా ఊడటానికి చాలాసార్లు కారణం బూటు అడుగున గడ్డకట్టిన మంచు. దాన్ని పోల్ మొనతో గీకి, ముందు మునివేళ్ల వైపు పెట్టి, తరువాత మడమ నొక్కాలి. వాలులో అయితే మంచును తొక్కి చిన్న గట్టు చేసుకుని, స్కీని వాలుకు అడ్డంగా పెట్టి, కింది వైపు కాలికి ముందు తొడగాలి.

ఊడిన స్కీ మంచులో మాయమైతే పిల్లలు తాము ఆగినచోట తవ్వుతారు. అది సాధారణంగా అక్కడ ఉండదు, పిల్లాడు ఊడాక కూడా జారతాడు కాబట్టి పైనే ఉండిపోతుంది. ఊడిన గుర్తు దగ్గర ఒక పోల్ గుచ్చి, అక్కడి నుంచి రెండో స్కీ తోకతో వాలుకు అడ్డంగా మంచును కోస్తూ కిందికి రావాలి. లోతు ఎక్కువున్న రోజు స్కీకి ఎర్ర రిబ్బన్ కట్టి, రెండో కొస ప్యాంటు కింద దోపితే ఈ వెతుకులాట తప్పుతుంది. పడినవాళ్లు చేతితో నొక్కి లేవలేరు, చెయ్యి భుజం దాకా దిగిపోతుంది. పోల్స్ రెండూ అడ్డదిడ్డంగా మంచు మీద పరిచి, అవి కలిసేచోట నొక్కి లేవాలి.

ఇక అమ్మ భయం. నేను అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తపడేది చెట్ల దగ్గర. దేవదారు జాతి చెట్ల కింది కొమ్మలు మంచును ఆపేస్తాయి, కాండం చుట్టూ పైకి కనబడని గొయ్యి మిగులుతుంది. దీన్ని ట్రీ వెల్ అంటారు. అందులో తలకిందులుగా పడితే ఒంటరిగా బయటపడటం దాదాపు అసాధ్యం, కదిలినకొద్దీ మంచు ముఖం మీద కూరుకుంటుంది. అందుకే చెట్ల మధ్య మాకు తిరుగులేని నియమాలున్నాయి. ఇద్దరిద్దరుగా, ఒకరికొకరు కనిపించే దూరంలోనే వెళ్లాలి. పోల్ పట్టీలు మణికట్టుకు వేసుకోకూడదు. ప్రతి ఒక్కరి మెడలో ఈల ఉండాలి. పడబోతుంటే కొమ్మనో కాండాన్నో పట్టుకోవాలి. పడిపోతే గింజుకోకుండా ముఖం ముందు చేత్తో ఖాళీ చేసుకోవాలి. తోటివాడు వదిలి వెళ్లకూడదు, ఈల వేసి, కాళ్లు పట్టి లాగకుండా పక్క నుంచి తల వైపు తవ్వాలి, ముందు ఊపిరి ఆడాలి.

మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరిగిపడతాయి. రిసార్టు హద్దుల్లో కొండ మీద భద్రత చూసే స్కీ పాట్రోల్ వాళ్లు తెల్లవారకముందే పేలుడు పదార్థాలతో వాటిని ముందే రాల్చేసి, ఆ తరువాతే వాలులు తెరుస్తారు. తాడు కట్టి ఉంటే దాటడం లేదు, పిల్లలు ఎంత బతిమాలినా సరే. సాల్ట్ లేక్ సిటీ పక్కనున్న లిటిల్ కాటన్‌వుడ్ లోయ రోడ్డునీ ఇలాంటప్పుడు మూసేస్తారు. ఆ లోయలోని స్కీ ఊరు ఆల్టాలో ప్రమాదం ఎక్కువైతే ఇంటర్‌లాడ్జ్ ప్రకటిస్తారు. అప్పుడు భవనం లోంచి బయటికి రావడం చట్టరీత్యా నిషేధం. కాబట్టి నేను ఫోనెత్తని పూట ఉంటే, రోడ్డు మూసేశారేమో అనుకోమను.

చలి గురించి రెండే మాటలు. మేజోళ్లు ఒక్క జతే వేయాలి, రెండేస్తే బూటు బిగుసుకుని రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. లిఫ్టు మీద పక్కవాడి బుగ్గ, ముక్కు చూడమని చెబుతాను, తెల్లటి మచ్చ కనిపిస్తే వెంటనే లోపలికి తీసుకెళ్తాను.

సాయంత్రం బూట్ల లోపలి మెత్తలు బయటికి తీసి ఆరబెట్టాలి, హీటరు మీద మాత్రం పెట్టకూడదు. స్కీ అంచులు తుడవకపోతే తెల్లారేసరికి తుప్పు పడుతుంది. కళ్లద్దాల లోపలి వైపు రుద్దకుండా, తడిని మెత్తని గుడ్డతో అద్దాలి. ఇవన్నీ పిల్లల చేతే చేయిస్తాను.

అమ్మకి చెట్ల సంగతి, తాడు సంగతి ముందు చదివి వినిపించు, మిగతావి తరువాత. అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అన్నయ్య