ఆజంజాహి మిల్లు సంగతి

చిరంజీవి స్రవంతికి,

నాన్న ఆశీస్సులు. మన పత్తి అంతదూరం కోయంబత్తూరు వచ్చి నూలవుతుంటే వరంగల్‌లో మిల్లు ఎందుకు నిలబడలేదని మొన్న అడిగావు. ఫోన్‌లో తేలే మాట కాదు బిడ్డా, అందుకే రాస్తున్నా.

ఆజంజాహి మిల్లును 1934లో ఏడో నిజాం పెట్టించాడు. పెద్దకొడుకు ఆజంజా పేరే దానికి పెట్టాడు. చుట్టూ పత్తి చేలు, దగ్గర్లోనే రైలు. పత్తి బేళ్లు లోపలికి పోతే గుడ్డ తానులు బయటికొచ్చేవి. వడకడం, నేయడం అన్నీ అక్కడే. వేల కుటుంబాలు దాని మీదే బతికాయి.

మీ తాత నూలు వడికే యంత్రాలు, రింగు ఫ్రేముల మీద పనిచేశాడు. పోగు తెగితే తిరిగే కదురును ఆపి, కండె మీంచి కొస లాగి, రోలర్ల కింద జారే సన్నటి దూది పాయకు అంటించేవాడు. ముడి వేయడం కాదు, అతకడం. ముడి పడితే మగ్గం మీద మళ్లీ తెగుతుందనేవాడు. పోగు పెళుసెక్కకుండా హాల్లో ఎప్పుడూ తేమ ఉంచేవాళ్లు. ఎండాకాలం ఆ ఉక్కలో ఎనిమిది గంటలు నిలబడి ఇంటికొస్తే కనుబొమల నిండా దూది నుసే.

యూనియన్లే మిల్లును ముంచాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. 1974లో దేశంలోని ఖాయిలా మిల్లులతో పాటు ఇదీ కేంద్ర సర్కారు వారి జాతీయ జౌళి సంస్థ చేతికి పోయింది. ఖాయిలా పడ్డ మిల్లుకు ముందు కావలసింది కొత్త యంత్రాలు. వాటికి చాలినంత డబ్బు రాలేదు. పైగా పేదలకు చవకగా అమ్మే కంట్రోలు గుడ్డ నేసే భారం సర్కారు మిల్లుల మీదే పడింది. అటు పవర్‌లూములు తక్కువ కూలీతో, తక్కువ పన్నుతో నేసి పోటీకొచ్చాయి. పాలిస్టరు చొక్కాల మోజు సరేసరి. పాత ఫ్రేముల దగ్గర నిలబడ్డ మనిషి ఎంత ఒళ్లొంచినా ఆ తేడా పూడుతుందా? నష్టం మీద నష్టం వచ్చి మిల్లు మూతపడింది. ఆ జాగా ప్లాట్లయింది.

2017లో గీసుకొండ, సంగెం మండలాల వైపు మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. అక్కడ మన పిల్లలకు పని దొరకాలని గట్టిగా కోరుకుంటున్నా.

మీ మిల్లులో ఒక్కో మనిషి ఎన్ని కదుళ్లు చూసుకుంటున్నాడో, పోగు ఇంకా చేత్తోనే అతుకుతున్నారో లేదో కనుక్కుని రాయి. వేళకు తిను.

మీ నాన్న